పాత అద్దాల బీరువా కొనబోతున్నాను, రెండింటిలో ఏది తీసుకోమంటారు?

ఋషికుల్య (బరంపురం):

సభ్యులందరికీ నమస్కారం. మాది బరంపురంలో పాతకాలపు పొడుగాటి ఇల్లు. మా తాతగారి పుస్తకాలు, నాన్నగారు కొన్నవి, నేను బడిలో పనిచేసిన రోజుల్లో చేర్చుకున్నవి కలిపి నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. వాటిలో సగం ఇనుప బీరువాలో బట్టల కింద, మిగతా సగం అటక మీద రేకు పెట్టెల్లో ఇన్నాళ్లూ ఉండిపోయాయి. కిందటి వానాకాలంలో ఒక పెట్టె దింపి చూస్తే, పాత మాసపత్రికల బైండు సంపుటాలలో అట్టకూ మొదటి పేజీకీ మధ్య పూసిన గంజినంతా పురుగు తినేసి, కాగితం జల్లెడలా మిగిలింది. అప్పటి నుంచీ వీటిని అద్దాల వెనుక, రోజూ కంటపడేచోట నిలబెట్టాలని పట్టుదలగా ఉంది. కొత్తది చేయించుకోమని మా వారు అంటున్నారు కాని, నా మనసు పాత బీరువా మీదనే ఉంది.

ఇప్పటికి రెండు చూశాను. మొదటిది మా ఊళ్లోనే ఒక వకీలు గారి ఇంటిది. పిల్లలు భువనేశ్వర్‌లో స్థిరపడి ఇల్లు అమ్ముతున్నారు. ఎత్తు 7 అడుగులు, వెడల్పు 4 అడుగులు, లోతు 15 అంగుళాలు. పైన రెండు తలుపులు, ఒక్కొక్క తలుపులో సన్నని బద్దల మధ్య ఆరేసి అద్దాలు, కింద రెండు సొరుగులు. లోపల అరలు మూడు, అడుగు పలకతో కలిపి నాలుగు వరుసలు. బర్మా టేకనీ, నూట ఇరవై ఏళ్ల నాటిదనీ చెప్పి 48,000 రూపాయలు అడుగుతున్నారు. ఒక అద్దం ఎప్పుడో పగిలితే కొత్తది వేయించారు. మిగతా పదకొండింటిలోంచి చూస్తే ఎదుటి గోడ మీది క్యాలెండరు అంకెలు నీటిలో కదులుతున్నట్లు కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే నేను మనసు పారేసుకున్నది అక్కడే.

రెండవది పాత సామాన్ల దుకాణంలోనిది. కలకత్తా నుంచి వచ్చిందన్నారు. విడివిడి పెట్టెలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, ఒక్కొక్క పెట్టెకూ అద్దం తలుపును పైకెత్తి లోపలికి తోసేయవచ్చు. వెడల్పు 34 అంగుళాలు. ధర 36,000. మూడవ పెట్టె తలుపు సగంలో పట్టేస్తోంది, నూనె వేస్తే సరిపోతుందని దుకాణదారు అంటున్నాడు.

బీరువా పెట్టవలసిన గది మేడ మీద ఉంది, దాని కింద చెక్క దూలాలున్నాయి. మెట్ల దారి రెండడుగుల నాలుగు అంగుళాల వెడల్పు, మధ్యలో ఒక మలుపు. గోపాల్‌పూర్ సముద్రం మాకు పదిహేను కిలోమీటర్లే కనుక ఏడాదిలో ఎనిమిది నెలలు గాలిలో తేమ ఉంటుంది. వయసు చెప్పినంత నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? పుచ్చు ఉందేమో ఎక్కడ చూడాలి? అసలు ఈ రెండింటిలో ఏది నయం? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అమ్మా, వయసు సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ బీరువాను గోడ నుంచి జరిపించి వెనుక వైపు చూడండి. అమ్మేవారు మనకు ముఖం చూపిస్తారు, బీరువా బతుకంతా వీపులోనూ కాళ్లలోనూ ఉంటుంది. ఈ మాట డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను కనుక కొంచెం విస్తరించి చెబుతాను, విసుక్కోకండి.

2011లో నేను ఒక వర్తకుని దగ్గర అద్దాల బీరువా కొన్నాను. ముందు భాగమంతా నిఖార్సయిన టేకు, ఇత్తడి పిడులు, మంచి నునుపు. ఇంటికి తెచ్చి పుస్తకాలు సర్దిన మరుసటి ఏడాది వేసవిలో, కింది అరలోని నిఘంటువు తీస్తే దాని తల మీద గోధుమపిండి చల్లినట్లు లేత పసుపు పొడి కనిపించింది. తుడిచాను. వారం తిరిగేసరికి మళ్లీ అక్కడే, అంతే పొడి. దీపం పట్టుకుని వెనుకకు వెళ్లి చూస్తే వీపు పలకలు మామిడి చెక్క, వాటి నిండా గుండుసూది తల అంత కన్నాలు. రంగు పూయడంతో ముందు నుంచి టేకులాగే కనిపించేది. వీపంతా ఊడబీకి కొత్త పలకలు వేయించుకోవలసి వచ్చింది. ఆ పలకలకైన ఖర్చు బీరువా ధరలో మూడో వంతు.

కనుక వీపు పలకలు, సొరుగుల అడుగు, పీఠం లోపలి వైపు ఏ చెక్కతో చేశారో చూడండి. ఆ చోట్ల పాతకాలపు పనివాడు పాలిష్ పెట్టేవాడు కాదు. గాలికి, దుమ్ముకు దానంతట అదే ముదిరిన గోధుమరంగు ఉండాలి, అది కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండకూడదు. లోపలా బయటా ఒకే ముదురు రంగు పరుచుకుని ఉంటే ఎవరో ఈమధ్యనే పూశారని అర్థం. రంపపు గీతలు చూడండి. ఇద్దరు మనుషులు లాగిన కోత రంపం గీతలు తిన్నగా, హెచ్చుతగ్గులుగా ఉంటాయి, మిల్లులోని గుండ్రటి రంపం గీతలు విల్లులాగ వంగి ఉంటాయి. మరమేకుల తలలు చూడండి. కూడిక గుర్తులాంటి గాటు ఉన్న మర 1930లలో అమెరికాలో పుట్టింది, మన మార్కెట్‌కు ఇంకా ఆలస్యంగా వచ్చింది. తలుపు బందుల దగ్గర అలాంటివి ఉన్నంత మాత్రాన బీరువా కొత్తదని కాదు, బందులు మార్చి ఉండవచ్చు. వీపు పలకల లోపలి మరలు కూడా అలాగే ఉంటే మాత్రం నూట ఇరవై ఏళ్ల కథ చెల్లదు.

పైభాగమూ కింది భాగమూ ఒకే బీరువావేనా అన్నది ఇంకొక సంగతి. అంత ఎత్తు బీరువాను నడుము దగ్గర రెండుగా విడదీసేటట్లు చేసేవారు. ఒకచోటి అద్దాల పెట్టెను ఇంకొకచోటి సొరుగుల పీఠం మీద కూర్చోబెట్టి అమ్మడం వర్తకులకు మామూలే. పక్కల చెక్కలో చార ఒకే తీరున ఉందో లేదో, కలిసేచోట అంచులు సరిపోయాయో లేదో చూస్తే తెలిసిపోతుంది.

వకీలు గారి ఇంటిది అన్నారు కనుక ఒక చిన్న ఆనవాలు చెబుతాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, ఇక్కడి అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకే వెళ్లేవి. తరువాత పన్నెండేళ్లు పాట్నాకు, 1948 జులై 26 నుంచి కటక్‌కు. అప్పటి వకీళ్లు కొన్న తీర్పుల సంపుటాలు దాదాపు పది అంగుళాల ఎత్తున ఉంటాయి. నిజంగా వకీలు కోసం చేసిన బీరువా అయితే అరల మధ్య దూరం పదకొండు అంగుళాలకు తగ్గదు. టేపు పెట్టి చూడండి. మీ మాసపత్రికల సంపుటాలకూ ఆ ఎత్తే కావాలి.


రామబాణం (రాయగడ):

ఋషికుల్య అక్కయ్యా, నా పేరు చూసి భయపడకండి, రామబాణమంటే పుస్తకాలు తినే పురుగే అయినా నేను చదివే పురుగునే కాని తినేదాన్ని కాదు. మీ రెండవ బీరువా రకం మా ఇంట్లో ఉంది కనుక దానికి మాత్రమే జవాబు చెబుతాను.

పెట్టెలు పేర్చే ఈ పద్ధతి అమెరికాది. 1899లో సిన్సినాటిలో ఏర్పడిన గ్లోబ్-వెర్నికె సంస్థ దీన్ని ప్రపంచమంతా అమ్మింది, దాన్ని చూసి మిగతావారూ చేశారు. మీరు చూసినది ఎవరు చేసినదో తెలియాలంటే తలుపు లోపలి అంచున గాని, పెట్టె వెనుక గాని కాగితపు చీటీయో అచ్చుముద్రో ఉందేమో వెదకండి. లేకపోతే దిగులుపడవలసిన పని లేదు, ధర మాత్రం తగ్గించి అడగండి. దీని మేలల్లా ఒక్కటే, ఎంత ఇరుకు మెట్లయినా పెట్టె పెట్టెగా ఎక్కించుకోవచ్చు. బదిలీల ఉద్యోగం చేసిన మాకు నాలుగు ఊళ్లు దీనితోనే గడిచాయి.

పట్టేస్తున్న తలుపుకు నూనె వేస్తే సరిపోతుందన్న మాట నమ్మకండి. తలుపు రెండు పక్కలా ఉన్న చిన్న ఇనుప ముక్కలు గాడిలో సమానంగా నడవాలి. ఒకవైపు అరిగినా, పెట్టె నాలుగు మూలలూ సరిగా లేకపోయినా తలుపు ఏటవాలుగా ఇరుక్కుంటుంది. పై మూడు పెట్టెలూ దింపించి, ఆ ఒక్కటీ చదునైన నేల మీద పెట్టి తెరిచి చూడండి. అప్పుడూ పట్టేస్తే లోపం ఆ పెట్టెదే. ఇంకొక మాట, పైకెత్తిన తలుపు జారితే వేళ్ల మీద పడుతుంది, చిన్నపిల్లలున్న ఇంటికి ఇది గుర్తుంచుకోదగిన సంగతి.


బల్లార్షా వాసి:

ముప్ఫై ఏళ్లు కలప పనిలో ఉన్నవాణ్ణి, టేకు మాట వచ్చింది కనుక రాస్తున్నాను. మాది చంద్రపూర్ జిల్లా. అయోధ్య గుడి తలుపులకు 2023లో మా బల్లార్షా నుంచి టేకు వెళ్లింది, ఆ తరువాత ఇక్కడ పాత కిటికీ రెక్క అమ్మేవాడు కూడా ‘అదే టేకు’ అనే మొదలుపెడుతున్నాడు. మీ వైపు బర్మా టేకు అనే మాటకూ అంతే విలువ ఇవ్వండి. గోపాల్‌పూర్ రేవుకూ రంగూన్‌కూ ఒకప్పుడు ఓడలు నడిచాయి కనుక బర్మా టేకు రాలేదని అనను. కాని పాలిష్ చేసిన పలకను చూసి ఇది బర్మాదా, అల్లాపల్లిదా, కోరాపుట్ అడవిదా అని కంటితో తేల్చి చెప్పగలవాడు నాకు తారసపడలేదు.

టేకు అవునా కాదా అన్నది మాత్రం తేల్చుకోవచ్చు. సొరుగును పూర్తిగా బయటకు లాగి, దాని వెనుక అంచున గోటి వెడల్పు మేర చాకుతో సన్నగా గీయండి, అమ్మేవారిని అడిగే గీయండి. టేకయితే లోపల బంగారు గోధుమ రంగు, వేలికి కొంచెం జిడ్డు, పాత తోలు వాసన తగులుతాయి. ఏళ్లు గడిచినా ఆ వాసన పోదు. వేగిసను మీ వైపు పియాశాల్ అంటారు, దానికి రంగు పూసి టేకని చెప్పడం ఉంది. అదీ మంచి కర్రే, దానికి తగ్గ ధర ఇస్తే తప్పులేదు. ఇరుగుడు అయితే చేతికి బరువుగా, ఊదా చారలతో వెంటనే తెలుస్తుంది.

చేవకూ, చేవ పట్టని పై పొరకూ తేడా గమనించండి. టేకును పురుగు ముట్టదని అందరూ అంటారు, అది చేవ వరకే నిజం. మాను అంచున ఉండే తెల్లటి పొరలో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగుకు కావలసింది అదే. బీరువాలో తెల్ల చారలున్న పలక ఎక్కడ ఉందో కన్నాలకు అక్కడే వెదకండి. కన్నాలు కనబడగానే వద్దనుకోవలసిన పని లేదు. పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండవచ్చు. కన్నం అంచు నల్లబడి, లోపల దుమ్ము పేరుకుని ఉంటే అది పాతది. అంచు తెల్లగా, కొత్తగా ఉంటే అనుమానించాలి. నల్ల కాగితం ఒకటి ఆ కన్నాల కింద పరచి, రెండు వారాలు కదపకుండా ఉంచమనండి. వేసవి ముందో, వానలకు ముందో అయితే ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది. పొడి రాలితే పురుగు లోపల ఉన్నట్లే.

ఇక అరలు. మీరు రాసిన కొలతల ప్రకారం ఒక్కొక్క అర 45 అంగుళాల పొడవు ఉండాలి. పుస్తకాలు అడుగుకు 8 నుంచి 10 కిలోలు తూగుతాయి, అంటే ఒక్కొక్క అర మీద 30 కిలోలకు పైనే పడుతుంది. పలక మందం ఎన్ని నూళ్లో చూడండి, నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆరు నూళ్లయితే అంత పొడవున మధ్యలో తప్పకుండా వంగుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, మధ్యలో ఒక ఆనిక పెట్టి దూరం సగం చేస్తే పదహారో వంతుకు పడిపోతుంది. కనుక మందపు పలక కోసం వెదకడం కన్నా ఒక ఆనిక బద్ద పెట్టించుకోవడమే తెలివి.

లెక్క మరొకటి కూడా చూడండి. నాలుగు వరుసలు కలిపితే 15 అడుగులు. పుస్తకం సగటున ముప్పావు అంగుళం అనుకున్నా 240 పడతాయి. ఆ పేర్చే పెట్టెలలో నాలుగూ కలిపి పది, పదిన్నర అడుగులే. నాలుగు వందలూ ఏ ఒక్కదానిలోనూ పట్టవు. లోతు 15 అంగుళాలుంది కదా అని ముందొక వరుస, వెనుకొక వరుస పెట్టకండి. వెనుక వరుసను మీరు మరిచిపోతారు, పురుగు మరిచిపోదు.


ఋషికుల్య (బరంపురం):

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పదహారు రోజుల తరువాత తిరిగి రాస్తున్నాను, ఎందుకంటే నల్ల కాగితం రెండు వారాలు ఉంచాను.

వకీలు గారి ఇంటికి మా వీధి వడ్రంగి మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఒడియా వారు, నాతో మాత్రం సగం తెలుగులో మాట్లాడుతారు. ఆల్మారీని జరపగానే గోడ వైపు రెండు గుప్పెళ్ల బూజు, ఒక బల్లి గుడ్డు పెంకు, 1980ల నాటి సినిమా టికెట్టు ముక్క బయటపడ్డాయి. వీపు పలకలు అయిదు. నాలుగు టేకువే, గీసి వాసన చూశాము. అయిదవది ప్లైవుడ్డు, ఎవరో తరువాత వేసింది. వెనుక మరలన్నీ ఒంటి గాటువే, బందుల దగ్గర మాత్రం కొత్తవి. రంపపు గీతలు తిన్నగా ఉన్నాయి. ఎడమ వెనుక కాలులో పదిహేను ఇరవై కన్నాలున్నాయి, అంచులు నల్లగా ఉన్నాయి. కాగితం మీద ఒక్క రేణువు కూడా రాలలేదు. అరల మధ్య దూరం పదకొండున్నర అంగుళాలు. మహేంద్రతనయ గారూ, మీ లెక్క తప్పలేదు.

లోపం అరలలో ఉంది. ఆరు నూళ్ల మందమే, మధ్య అర రమారమి మూడు నూళ్లు కిందికి దిగింది. దాని మీద దారం లాగి పట్టుకుని చూస్తే వంపు స్పష్టంగా తెలిసింది. పై అర ఒక చివర పట్టేసి బయటికి రావడం లేదు. ఇవన్నీ చూపించి, ప్లైవుడ్డు సంగతి చెప్పి అడిగితే 41,000కు దిగారు.

పేర్చే పెట్టెల దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. నా మాసపత్రికల సంపుటం ఒకటి చేతిసంచిలో తీసుకువెళ్లాను, ఎత్తు పదింపావు. నాలుగు పెట్టెలలో ఏ ఒక్కదానిలోనూ నిలబడలేదు, లోపలి ఎత్తు తొమ్మిదిన్నరే. పడుకోబెట్టి ఉంచమని దుకాణదారు సలహా ఇచ్చాడు. మామూలు కథల పుస్తకాలయితే చక్కగా సరిపోయేవి, రామబాణం గారి మాటల వల్ల నాకు దాని మీద కూడా కొంత ఆశ పుట్టింది, కాని నేను బీరువా వెదుకుతున్నదే ఆ సంపుటాల కోసం.

ఇంకా మూడు సందేహాలున్నాయి. పాలిష్ అక్కడక్కడ తెల్లగా వలయాలు కట్టింది, మొత్తం గీకించి కొత్త పాలిష్ పెట్టించాలా? అలల అద్దాలను చూసి వయసు నమ్మవచ్చునా? పురుగు పట్టిన పుస్తకాలను ఏమి చేసి లోపల పెట్టాలి?


రామబాణం (రాయగడ):

సంపుటాన్ని వెంట తీసుకువెళ్లడం నాకు తట్టని పని, అక్కయ్యా.

పాలిష్ గీకించవద్దు. నీటి గ్లాసు పెట్టిన చోట తెల్ల వలయం వచ్చిందంటే అది బహుశా లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూసిన పాత పాలిష్. కనబడని చోట ఒక చుక్క స్పిరిట్ వేసి చూడండి, నిమిషంలో జిగురుగా మెత్తబడితే లక్కే. ఈ కాలపు పాలియురెథేన్ పూత అలా మెత్తబడదు. లక్క పాలిష్‌కు ఒక సుగుణం ఉంది, కొత్త పూత పాత పూతలో కరిగి కలిసిపోతుంది కనుక పాడైన చోటు వరకే సరిచేయించుకోవచ్చు. మొత్తం గీకి, ఇసుక కాగితం పట్టి, మెరిసే పూత పూస్తే మీరు 41,000 ఇచ్చి కొన్నది పోయి, కొత్త బీరువా ఒకటి మిగులుతుంది.

అద్దాల సంగతి అంత తేలిక కాదు. కరిగిన తగరం మీద గాజును తేలించి అచ్చం చదునుగా తీసే పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది, మన దేశంలో అది వ్యాపించింది ఇంకా చాలా తరువాత. అంతకుముందు కొలిమిలోంచి రేకులాగ పైకి లాగిన గాజుకూ అలలుంటాయి. నా చిన్నప్పుడు, 1970లలో కట్టిన మా ఇంటి కిటికీలలోంచి చూసినా ఎదురింటి గోడ వంకరగానే కనిపించేది. కనుక అలలు నూరేళ్లకు సాక్ష్యం కావు. సన్నని గాలి బుడగలు, ఒకవైపుకు సాగిన చారలు ఉంటే ఇంకా పాతదని కొంత నమ్మవచ్చు. కాలం గడిచేకొద్దీ గాజు కిందికి జారి అడుగు లావవుతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. పాత గాజు తయారైనప్పుడే మందం హెచ్చుతగ్గులుగా ఉండేది, అంతే.


మహేంద్రతనయ (పర్లాకిమిడి):

పుస్తకాల సంగతి నేను చెబుతాను. పురుగు అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి, ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ అరలో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఒక రోజంతా అలాగే వదిలేయాలి, లేకపోతే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. తరువాత మెత్తటి కుంచెతో దులిపి నీడలో ఆరబెట్టండి. చేమంతి రంగుకు తిరిగిన పాత కాగితాన్ని ఎండలో పెడితే విరిగిపోతుంది. కలరా ఉండలు లోపల వేసి తలుపు మూయవద్దు, ఆ ఆవిరి మనిషికి మంచిది కాదు, తలుపు తీసిన ప్రతిసారీ పీల్చేది మీరే. ఎండు వేపాకు మన తృప్తికి, దానితో పని జరగదు.

తేమ గాలికి మూసిన బీరువా మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. దుమ్ము రాదు, కాని లోపలి తేమ బయటికి పోదు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి అలాగే నిలిచిందంటే బూజు పట్టడం మొదలవుతుంది. అందుకని ఆ ప్లైవుడ్డు పలకను తీయించి, దాని స్థానంలో టేకు పలక పెట్టించేటప్పుడు పైనా కిందా రూపాయి బిళ్లంత రంధ్రాలు నాలుగేసి చేయించి, లోపలి వైపు సన్న ఇత్తడి జాలీ బిగించుకోండి. గోడకూ వీపుకూ మధ్య మూడు అంగుళాలు వదలండి. పొడిగా ఉన్న రోజున గంటసేపు తలుపులు బార్లా తెరవండి.

కాళ్ల కింద రాతి పలకలు వేయడం మరవకండి. మా తాతగారి బీరువా 1900లో మా పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చిన తరువాత నౌపడా నుంచి దాని మీదనే వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా ముందు గదిలో మూడు అంగుళాల నీరు నిలిచింది. నాలుగు అంగుళాల రాతి దిమ్మలు కాళ్ల కింద ఉండబట్టి ఆ బీరువా తడవలేదు. పక్కనే నేల మీద ఉన్న నా 2011 నాటి బీరువా పీఠం ఉబ్బి, సొరుగులు నెల రోజులు తెరుచుకోలేదు.


బల్లార్షా వాసి:

మేడ మీద నేలకు ఇబ్బంది ఉండదు కాని బీరువాను గది మధ్యకు తేకండి. పుస్తకాలతో కలిపి రెండు వందల కిలోలకు పైనే అవుతుంది. దూలాలు గోడలోకి దిగే చివరకు దగ్గరగా, వాటికి అడ్డంగా పెడితే బరువు మూడు నాలుగు దూలాల మీద పంచుకుంటుంది. వంగిన అరను తిరగేసి పెట్టండి, కొన్నేళ్లలో అదే తిన్నబడుతుంది. మధ్య ఆనిక మాత్రం తప్పకుండా పెట్టించండి. ఆ కాలి కన్నాలకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు లోపలి వైపు నుంచి కుంచెతో రెండు మూడు సార్లు పట్టించండి. పాలిష్ ఉన్న వైపు పూస్తే చెక్క పీల్చుకోదు.


ఋషికుల్య (బరంపురం):

కొన్నాను. నిన్ననే మేడ ఎక్కింది.

మేస్త్రీ నడుము దగ్గర మరలు విప్పి రెండు భాగాలు చేశారు. తల మీది నగిషీ పట్టీ కూడా విడిగా ఊడి వచ్చింది. కింది భాగం మెట్ల మలుపులో తిరగలేదు. సొరుగులు తీసి, పీఠాన్ని నిలువుగా పట్టుకుని, నలుగురు మనుషులు రెయిలింగు మీదుగా ఎత్తవలసి వచ్చింది. తలుపులు ముందే విప్పి, అద్దాలకు పాత చీరలు చుట్టి నేనే మోసుకెళ్లాను, ఒక్కటీ పగలలేదు. టేకు పలక, జాలీ, మధ్య ఆనిక, బందుల మరలు, కూలి అన్నీ కలిపి 6,400 అయింది. మా వారు ఈ అంకెను ఇంటికి వచ్చినవారందరికీ చెబుతున్నారు.

ఒక సంగతి మీకు చెప్పి తీరాలి. తలుపులు విప్పినప్పుడు వాటి పై అంచున, ఎప్పుడూ ఎవరికీ కనబడని చోట, పెన్సిలుతో ఒకదాని మీద ‘ఎ’ అనీ, రెండవదాని మీద ‘కు’ అనీ రాసి ఉన్నాయి. ఎడమ, కుడి. కలప బర్మాదో కాదో నాకు తెలియదు కాని చేసిన వడ్రంగి తెలుగు రాసేవాడే. వెంటనే అరల అంచులు కూడా చూశాము. ఒక్కొక్కదాని వెనుక ఉలితో చిన్నగా ౧, ౨, ౩ అని చెక్కి ఉన్నాయి, పక్క పలకల మీద కూడా అవే అంకెలు ఉన్నాయి. మేస్త్రీకి ఆ అంకెలు చదవడం రాదు కనుక నేను చదివి చెప్పాను. పైన పట్టేసిన అర నిజానికి మూడవది, ఎప్పుడో ఎవరో మొదటిదాని చోట బిగించేశారు. రెండింటినీ మార్చి తోస్తే ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా లోపలికి వెళ్లి కూర్చున్నాయి. ఆనిక బద్దను ఆ తరువాత కొలిచి కోయించాము.

సంపుటాలు ఇంకా ఫ్రీజర్‌లో ఉన్నాయి, మొదటి విడత వచ్చే గురువారం బయటికి వస్తుంది.